పేరు మనది, జట్టెవరిది?

2025 ఏప్రిలు 6వ తేది శ్రీరామనవమి. పందిళ్లలో కల్యాణములు ముగిసి పానకపు బిందెలు ఖాళీయైన వెనుక, ఆ సాయంకాలము ఉప్పలు క్రీడాంగణము జనసముద్రమై యుండెను. ఆ రాత్రి హైదరాబాదు జట్టును కూలద్రోసినవా డెవడు? హైదరాబాదు బిడ్డయే. ఆటోరిక్షా నడిపి సంసార మీదిన తండ్రికి పుట్టి, ఈ నగరపు మైదానములలోనే బంతి విసరుట నేర్చిన మహమ్మదు సిరాజు, గుజరాతు పక్షమున నిలిచి 17 పరుగులిచ్చి 4 వికెట్లు గొనెను. సన్‌రైజర్సు 152 పరుగులతో ఆగిపోగా, గుజరాతువారు ఏడు వికెట్లు చేతనుండగనే గెలిచిరి.

చూచినవాడు హర్షింపవలయునా, వగవవలయునా? చప్పట్లు కొట్టెనా, తన జట్టును త్రోసిపుచ్చినట్లు. కొట్టకుండెనా, తన బిడ్డను త్రోసిపుచ్చినట్లు. ఈ ధర్మసంకటమును ప్రేక్షకుడు కోరి తెచ్చుకొనలేదు. వాని కది కల్పింపబడినది. కల్పించినవారెవరో విచారించుటయే నేటి మా ఉద్దేశము.

మొదటినుండి చూతము. 2008లో ఇండియను ప్రీమియరు లీగు పుట్టినప్పుడు మన నగరపు జట్టును దక్కను ఛార్జర్సను పేర, పది కోట్ల డెబ్బది లక్షల అమెరికా డాలర్లకు ఒక పత్రికా సంస్థ కొనెను. తొలి నాయకుడు మన వి.వి.ఎస్. లక్ష్మణు. ఆయనకు 'ఐకాను' ఆటగాడను హోదాయు, దానితోడి అధిక వేతనమును లభింపవలసి యుండెను. ఆ ధనముతో జట్టు మంచి ఆటగాండ్రను కొనుక్కొనునని ఆయన ఆ హోదాను వదలుకొనెను. ఊరిమీది మమకార మన నట్టిది. 2011 వేలము నాటికి ఆయనయు కొచ్చి జట్టువాడయ్యెను. 2009లో దక్కను జట్టు కప్పు గెలిచినది. కాని ఆ యేటి పోటీలన్నియు దక్షిణాఫ్రికాలో జరుగుటచే, మన విజయమును మనము టెలివిజను పెట్టెలో చూచి తృప్తిపడితిమి. 2012లో ఆ ఒప్పందము రద్దయ్యెను. ఏడాదికి 85 కోట్ల 5 లక్షల రూపాయల చొప్పున చెన్నపట్టణపు సన్ టి.వి. సంస్థ పాటపాడి మన ఊరి పేరును దక్కించుకొనెను. పేరు చేతులు మారుచుండగా, ఆ పేరుగలవారి నెవరును అడిగినవారు లేరు.

అయినను ఆ తొలినాటి నిబంధనలలో ఒక న్యాయముండెను. ప్రతి జట్టును తన ప్రాంతమునకు చెందిన ఆటగాండ్రను ఇంతమందికి తక్కువ గాకుండ చేర్చుకొనవలయునని లీగువారే విధించిరి. ఊరి పేరు వాడుకొనువాడు ఊరి బిడ్డలకు చోటీయవలయునను సామాన్యధర్మమునకు అది వ్రాతరూపము. ఆ నిబంధన కొలది యేండ్లలో తొలగిపోయెను. విదేశీయులు పదునొకండుగురిలో నలుగురికి మించరాదను హద్దు మాత్రము నిలిచినది. దేశమునకు హద్దు గలదు. ఊరికి హక్కు లేదు!

ఫలిత మేమి? 2025 ఋతువునకు ముందు హైదరాబాదు జట్టు క్లాసెనునకు 23 కోట్లు, కమ్మిన్సునకు 18 కోట్లు, హెడ్డునకును అభిషేక శర్మకును చెరి 14 కోట్లు, విశాఖపట్టణపు నితీశ్ కుమారరెడ్డికి 6 కోట్లు ఇచ్చి నిలుపుకొనెను. తక్కినవారికై 2024 నవంబరులో సౌదీ అరేబియాలోని జెడ్డా నగరమున వేలము జరిగెను. అచట సిరాజును గుజరాతువారు 12 కోట్ల 25 లక్షలకు గొనిపోయిరి. ఇదే సిరాజు 2017లో ఈ హైదరాబాదు జట్టులోనివాడే. ఒక్క ఋతువు ఆడించి విడిచిరి. మన నగరపు తిలకు వర్మ 2022 నుండి ముంబయి జట్టున వెలుగొందెను.

ప్రతివాదులు నితీశును సాక్షిగా పిలువవచ్చును. పిలువనిండు. 2024లో వర్ధమాన క్రీడాకారుని బహుమానమును గొన్నవాడా యువకుడు. చోటు చిక్కిన తెలుగు బిడ్డ యేమి చేయగలడో ఆ సాక్షి మా పక్షముననే చెప్పుచున్నాడు.

విద్యకు ఎల్లలు లేవనియు, గెలుపునకు ఎవరు తగుదురో వారినే తేవలయుననియు మఱికొందఱు వాదింతురు. మేము అతిథులను ద్వేషించువారము కాము. 2016లో 848 పరుగులు చేసి జట్టును విజేతగా నిలిపిన ఆస్ట్రేలియావాసి వార్నరును తెలుగుప్రజలు తమవానినిగా జూచుకొనిరి, అందుకు సంతసింతుము. కాని అతిథికి విస్తరి వేయుట వేఱు, ఇంటి బిడ్డను పంక్తినుండి లేపుట వేఱు. ఇక గెలుపు మాట. 2024లో ఉప్పలున 277, బెంగుళూరున 287 పరుగులు కుప్పవోసిన జట్టు, కడపటి పోటీలో 113 పరుగులకే కూలెను. 2025లో తొలి ఆటయందే 286 పరుగులు చేసి, పదునాలుగు ఆటలలో ఆఱు మాత్రమే గెలిచి, ఆఱవ స్థానమున నిలిచెను. కోట్లు గుమ్మరించినను కప్పు రానప్పుడు, మన పిల్లలకు చోటిచ్చినచో నష్టము వచ్చునను వాదమునకు బలమెక్కడిది?

సిరాజు గుజరాతునకు, తిలకు ముంబయికి ఆడుట జాతీయైక్యమునకు గుర్తు కాదా యని యడుగుదురేమో. అగును. తెలుగుబిడ్డ దేశమంతట పూజ్యుడగుట మాకును గర్వకారణమే. అయితే ఇల్లు వెడలి దేశమేలుట కీర్తి. ఇంట చోటు లేక వెడలుట గతి. ఈ రెంటి భేదమును మఱువరాదు.

న్యాయవాదవృత్తిలో నున్నవారము గాన ఒక మాట మనవి చేసెదము. క్రికెటు బోర్డు రాజ్యాంగమునందలి 12వ అధికరణము చొప్పున ప్రభుత్వము కాదని సర్వోన్నత న్యాయస్థానము 2005లో చెప్పినది నిజమే. కాని ఆ బోర్డు చేయునది ప్రజాసంబంధమైన కార్యమనియు, 226వ అధికరణము క్రింద హైకోర్టులకు జవాబు చెప్పవలసినదే యనియు ఆ న్యాయస్థానమే 2015 జనవరి 22న బీహారు సంఘపు వ్యాజ్యములో స్పష్టపఱచెను. లీగు ప్రసారహక్కులను 2023 మొదలు అయిదేండ్లకు 48,390 కోట్ల రూపాయలకు విక్రయించిన బోర్డు, ఇది మా సొంత అంగడి యని తలుపు మూసికొన వీలులేదు. ప్రజల అభిమానమే సరకుగా నమ్మువాడు ప్రజల ప్రశ్నకు సమాధానము చెప్పవలయును.

మన హైదరాబాదు క్రికెటు సంఘపు చరిత్రయు ఆశాజనకము కాదు. 2023 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము దాని కార్యవర్గమును తొలగించి, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుగారికి పాలన నప్పగింపవలసి వచ్చెను. 2025 మార్చిలో సంఘమునకును జట్టునకును తగవు పుట్టి విచారణ దాక పోయెను. జూలైలో సంఘాధ్యక్షుడును మఱికొందఱును నిర్బంధింపబడిరి. న్యాయస్థానమున తేలవలసిన నేరారోపణలపై మేము తీర్పు చెప్పము. కాని మార్చి తగవు దేనిని గూర్చి? ఉచిత టిక్కెట్లను గూర్చి! ఇన్ని సీట్లు మావని వాదించుకొనిరి గాని, ఇందఱు బాలురు మావారని ఆ తగవులో ఎవరును వాదింపలేదు.

జట్టునకును ఊరికిని గల బంధ మెంత పలుచనిదో అదే ఋతువు చివర తేటపడెను. సరిహద్దున యుద్ధమేఘములు క్రమ్ముటచే మే 9న ఆట నిలిచెను. 17న తిరిగి మొదలైనప్పుడు ఉప్పలునకు చోటు లేకపోయెను. ఇచ్చట జరుగవలసిన రెండు నిర్ణాయక పోటీలు పంజాబునకు తరలెను. కలకత్తాతో నుండిన ఆటను మన జట్టు ఢిల్లీలో ఆడి, 278 పరుగులు చేసి గెలిచెను. దేశరక్షణకై చేసిన మార్పును మేమాక్షేపింపము. కాని ఉప్పలు లేకయు 'హైదరాబాదు' చక్కగా సాగిపోయినదే! ఆ జట్టు మూలములు ఈ మట్టిలో లేవనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఒక్క క్రికెటునకే పట్టిన తెగులు కాదిది. బాస్కెట్‌బాలు ఆటకు 2015లో యు.బి.ఏ. యను వృత్తిలీగు వెలసినది. అందు 'హైదరాబాదు స్కై' యను జట్టుండెను. 2017 ఋతువుతో ఆ లీగు నిలిచిపోగా, దానితో మన ఊరి పేరిటి జట్టును మాసిపోయెను. లీగులు వచ్చును, పోవును. బడి ఆవరణలో పాతిన బుట్టస్తంభము, పేటలో చదును చేసిన మైదానము నిలుచును. ఊరి పేరు వాడుకొన్నవారు అట్టిదొకటియైన విడిచిపోవలదా?

కావున మేము కోరునవి మూడు. తొలినాటి ప్రాంతీయ నిబంధనను లీగు మరల విధింపవలయును. జట్టున నలుగురు, ఆడు పదునొకండుగురిలో ఒక్కడైనను ఆ ప్రాంతపువాడై యుండవలయును. ఉప్పలు ఆటల ఆదాయమున ఒక నియతభాగము మల్కాజిగిరి, నాచారము, రామంతపూరు పేటలలో బాలబాలికల మైదానములకు వినియోగింపబడి, ఆ లెక్క ఏటేట ప్రకటింపబడవలయును. ఎంపికలు బహిరంగముగ జరిగి, ఎవ రెందుకు ఎన్నుకొనబడిరో వ్రాతమూలమున తెలుపవలయును. ఇందు భిక్ష లేదు. పేరునకు అద్దె మాత్రమే కలదు.

పాఠక మహాశయులారా, ఉప్పలున దీపస్తంభములు వెలిగిన రాత్రులయందు నాచారపు వీథిదీపము క్రింద ఇటుకలు నిలిపి ఆడు పిల్లవానిని ఒక్కసారి చూడుడు. ఆ స్తంభముల వెలుగు వాని కంట పడుచునే యుండును. ఆ గోడ లోపలికి వాడు కొనవలసిన దారి టిక్కెట్టొక్కటేనా? నారింజవన్నె చొక్కా తొడుగుకొనుడు, వలదనము. తొడుగుకొని ఆ ప్రశ్న వేయుడు. వేలమున ఊరి పేరును కొనవచ్చును. ఊరివారి నోరును కొనజాలరు.