దెయ్యం సినిమాలు ఇంట్లో చూడవచ్చా?

హేతువాదులు దెయ్యాల సినిమాలు చూడకూడదని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. అప్పట్లో క్యాసెట్లలో, సీడీల్లో చూశాను, ఇప్పుడు ఓటీటీలో చూస్తున్నాను. భయపడటం ఒక సరదా. లేని దెయ్యం ఎవరికీ హాని చెయ్యదు. 'చంద్రముఖి' (2005) అయితే అది దెయ్యం కాదు, మానసిక రుగ్మత అని చెప్పింది కూడా.

నా అభ్యంతరం చేతబడి కథల మీద. అక్కడ నేరం మోపేది మనిషి మీద. 'విరూపాక్ష' (2023)లో చేతబడి చేశారని భార్యాభర్తలను ఊరివాళ్లు సజీవంగా తగలబెడతారు. తర్వాత ఊళ్లో వరస చావులకు క్షుద్రశక్తే కారణమని కథ తేలుస్తుంది. అంటే చేతబడి ఉందనేగా తీర్పు!

మా బస్తర్‌లో ఈ అనుమానం కథ కాదు. సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలోని ఎత్కల్‌లో 2024 సెప్టెంబరులో చేతబడి అనుమానంతో ఐదుగురిని కొట్టి చంపారు. ఒకరిని 'టోనహీ' అని ముద్ర వెయ్యడమే నేరమని ఛత్తీస్‌గఢ్‌లో 2005లోనే చట్టం వచ్చింది. వాళ్లు సినిమా చూసి చంపారని నేననను. ఆ నమ్మకానికి సినిమా సాక్ష్యం చెప్పకూడదంటాను.

కాబట్టి చూడండి. ఇంట్లో రిమోట్ మన చేతిలోనే ఉంటుంది. చేతబడి సన్నివేశం దగ్గర ఆపి, "చచ్చినవాడికి జబ్బేమిటో ఎవరైనా డాక్టరును అడిగారా?" అని పిల్లలను ప్రశ్నించండి. ఆ ఓపిక లేకపోతే చూడకండి.