పూల పళ్లెం వెనుక వైపు

కొత్త సంవత్సరం వస్తోందంటే ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ అంగడి తెరిచేవాడు. అదీ వెర్సాయ్ ప్రాసాదంలో, తన సొంత గదుల్లోనే. ఏటా డిసెంబరు ఆఖరులో సెవ్ర్ కర్మాగారపు పింగాణీని బల్లల మీద పేర్పించి, దర్బారు ప్రముఖుల చేత కొనిపించేవాడు. రాజుగారే అమ్ముతుంటే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? 1759లో కర్మాగారాన్ని కొన్నది ఆయనే మరి.

1740లో విన్సెన్‌లో మొదలై, 1756లో సెవ్ర్‌కు మారిన ఆ కర్మాగారానికి తొలినాళ్లలో అసలు సరుకే కరవు. చైనా పింగాణీకి ప్రాణమైన తెల్లమట్టి, కయోలిన్, వారికి అందుబాటులో లేదు. గాజులాంటి పొడి కలిపిన మట్టితోనే నెట్టుకొచ్చారు. బట్టీలో వంకర పోయినవీ, పగిలినవీ ఎన్నో. అయినా ఆ మట్టి పళ్లేల మీది పూలకున్న అందం వేరు. మెత్తటి పైపూత రంగును తనలోకి పీల్చుకుంటుంది. గులాబీ రేకు పైన అద్దినట్టుండదు, లోపలి నుంచి విచ్చుకున్నట్టుంటుంది. ఆ గులాబీ వన్నె పుట్టేది బంగారం నుంచే!

1768లో లిమోజ్ దగ్గరి సెంట్ ఇరియేలో కయోలిన్ దొరికింది. ఒక వైద్యుడి భార్య ఆ తెల్లమట్టి బట్టలుతకడానికి పనికొస్తుందనుకుందని చెబుతారు. తర్వాతి శతాబ్దంలో లిమోజ్ కర్మాగారాలు అచ్చు బొమ్మల పూలతో పళ్లేలను మధ్యతరగతి భోజనాల బల్ల మీదికి చేర్చాయి. అచ్చు పూలని చిన్నచూపు చూసేవాళ్లున్నారు గానీ, రాజుగారి గదుల్లోంచి పూలు బయటపడ్డది వాటివల్లే.

పళ్లెం చరిత్ర తెలియాలంటే మాత్రం తిరగేసి చూడాలి. సెవ్ర్ పళ్లెం వెనుక పెనవేసుకున్న రెండు 'ఎల్' అక్షరాలు రాజముద్ర. వాటి మధ్య అక్షరం తయారైన సంవత్సరాన్ని చెబుతుంది. పక్కన చిన్న గుర్తు, ఒక చుక్కో, పువ్వో, పొడి అక్షరమో, పూలు వేసిన చిత్రకారుడిది. అక్కడ రాజుతో పాటు పనివాడికీ చోటుంది. అయితే వెనుక వైపు కూడా బొంకుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో కర్మాగారం అమ్మేసిన బొమ్మలు లేని పాత సరుకు మీద బయటివాళ్లు పూలు వేసి అమ్ముకున్నారు. ఆ రెండు 'ఎల్'లకు నకళ్లూ కొల్లలు. ముద్ర ఒక్కటే చూసి డబ్బు పెట్టేవారు జాగ్రత్త.

ఈ పింగాణీ కథలో మనవాళ్లూ ఉన్నారు. 1788లో టిప్పు సుల్తాన్ రాయబారులకు పదహారో లూయీ ఇచ్చిన కానుకల్లోనూ సెవ్ర్ పింగాణీ ఉంది. ఏడాది తిరిగేసరికి ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చింది. రాజవంశం పోయినా కర్మాగారం నిలిచింది. ప్రభుత్వ సంస్థగా ఇప్పటికీ నడుస్తోంది.

మన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ సెవ్ర్ పింగాణీ ఉంది. ఎక్కడైనా సరే, బీరువాలో నిలబెట్టిన పళ్లెం ముందు వైపే కనబడుతుంది. వెనుక ఒక చిన్న అద్దం అమర్చి, ఆ గుర్తులేమిటో తెలుగులో నాలుగు ముక్కలు రాయిస్తే చాలు. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు, మ్యూజియంలవారు ఈ కొత్త సంవత్సరంలో మొదలుపెట్టాలి.