బక్కీకి కొత్త షాకులా?

మా బావ బక్కీ వెనక్కి దిగిపోయింది. "షాకులు మారుస్తా" అన్నాడు.

"ఆగండి బావా" అన్నాను.

బరువు మోసేది షాకు కాదు, స్ప్రింగు. హైలక్స్‌కి వెనక ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలుంటాయి. ఆంధ్రాలో లారీవాళ్ళు వాటిని కమాను కట్టలంటారు. షాకు పని ఊపు ఆపడం. బండి మూల నొక్కి వదలండి. ఊగుతూనే ఉంటే షాకు పోయినట్టే. నూనె కారినా అంతే.

టోంగాట్ చెరకు తోటల మట్టిరోడ్ల మీద షాకులో నూనె వేడెక్కుతుంది, నురగ కడుతుంది, పట్టు పోతుంది. అక్కడ తిరిగే బండికి ఒకే గొట్టం ఉన్న గ్యాస్ షాకు నయం, వేడి త్వరగా బయటికి పోతుంది. ధర ఎక్కువే! టౌన్ బండికి రెండు గొట్టాలది చాలు. ఏదైనా జతగానే మార్చండి.

బావా నేనూ బండి కిందికి దూరి చూశాం. ఒక పట్టీ విరిగి ఉంది. పోయిన ఆదివారం అక్కా పిల్లలూ ఆ బండిలోనే గుడికి వెళ్ళొచ్చారు.