ముందు పాఠకుడు, తర్వాత అచ్చు

మన పిల్లలకు తెలుగు చదవడం రావడం లేదని ప్రతి ఉగాది సభలోనూ వాపోతున్నాం. ఆ వాపోవడానికి కావలసిన షామియానాకు, శాలువాలకు, జ్ఞాపికలకు చందాలు బాగానే వసూలవుతున్నాయి. కానీ ఒక కుర్రవాడు ముందుకు వచ్చి, తెలుగులో బొమ్మల కథ గీస్తున్నాను, ప్రతికి నూటయాభై రూపాయలు ముందుగా ఇస్తే అచ్చు వేయిస్తాను అంటే మాత్రం అది యాచన అట! "బొమ్మల పుస్తకానికి కూడా అడుక్కోవాలా?" అని ఒక పెద్దమనిషి అనగా నేను విన్నాను. ఆయన పేరు అనవసరం. ఆ అభిప్రాయం ఆయన ఒక్కడిదే కాదు గనుక జవాబు చెప్పక తప్పదు.

నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను. బి.కాం. పాసై బ్యాంకులో చేరినవాణ్ణి. అరకేరలో కూర్చుని రోజంతా చూసేది జమ, ఖర్చు, పూచీ. ఆ మూడు మాటలతోనే వాదిస్తాను.

తిరిగి ఏమీ ఇవ్వకుండా అడిగేది యాచన. వస్తువు ఇస్తానని ముందు సొమ్ము అడిగేది వ్యాపారం. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి, చందాదారుల అండతో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు తెలుగులో వెలువరించారు. అప్పటికి మన రాయచూరు కూడా ఆ నిజాం రాజ్యంలోనిదే. వారిని ఎవరైనా యాచకులన్నారా? 1976లో శ్యామ్ బెనెగల్ 'మంథన్' సినిమా తీసినప్పుడు గుజరాతు పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకున్నారు. నిర్మాతలు వారే! ఇప్పుడు దీనికి క్రౌడ్‌ఫండింగ్ అని పేరు పెట్టారు. పేరు కొత్తదే గాని పద్ధతి మన తాతలెరిగినదే.

ఇక బొమ్మల కథల సంగతి. మన పక్కనే తమిళనాడు శివకాశిలో ముత్తు కామిక్స్ 1972 నుంచి, లయన్ కామిక్స్ 1984 నుంచి వస్తున్నాయి. సంపాదకుడు ఎస్. విజయన్ గారు పాఠకుల నుంచి ఏడాది చందా ముందుగా పుచ్చుకుంటారు, ప్రత్యేక సంచికలకు ముందే బుకింగ్ తీసుకుంటారు. ఎంతమంది కొంటారో తెలిశాకే యంత్రం తిరుగుతుంది. తమిళుడు చేయగలిగినది తెలుగువాడికి నామోషీ ఎందుకైంది?

మనం స్వీయ ప్రచురణ చేయడం లేదా? భేషుగ్గా చేస్తున్నాం. కవితా సంపుటాల్లో ఎన్ని కవి సొంత డబ్బుతో అచ్చయ్యాయో మీకు తెలియనిది కాదు. పీఎఫ్ లోన్ తీసి వెయ్యి ప్రతులు వేయడం, వంద ఉచితంగా పంచడం, తొమ్మిది వందలు అటకెక్కించడం. ముందు అచ్చు, తర్వాత పాఠకుడి కోసం వేట. ఏ బ్యాంకూ ఇలాంటి ప్రాజెక్టుకు అప్పు ఇవ్వదు. ఈ వరసను తిరగేయమనే నా వాదన.

"అయినా కామిక్స్ పిల్లకాయల పని కదా, సాహిత్యమెలా అవుతుంది?" అంటారు. 1947 జూలైలో చందమామ మొదలైనప్పుడు నాగిరెడ్డి, చక్రపాణి గారలు బొమ్మలను చిన్నచూపు చూశారా? కృష్ణశాస్త్రి గారి కుమారుడు బుజ్జాయి 'డుంబు'ను గీసినప్పుడు అది తెలుగు కాకుండా పోయిందా? ఆ చందమామ కూడా ఆగిపోయిన ఈ రోజుల్లో మన పిల్లల చేతికి ఏమిస్తున్నాం?

మన పరిస్థితి వేరు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. కన్నడ లిపి, తెలుగు లిపి ఒక తల్లి బిడ్డలు. కన్నడం చదివే పిల్లవాడికి తెలుగు అక్షరాలు పట్టుబడడానికి కొద్ది వారాలు చాలు. పట్టుబడ్డాక చదవడానికి ఏదీ? బొమ్మ పక్కన నాలుగు మాటలున్న బుడగ అయితే వాడు తడుముకోకుండా చదువుతాడు. ఆ బుడగలో ఇంట్లో అమ్మ మాట్లాడే తెలుగే, కన్నడమూ ఉర్దూ కలిసిన మన రాయచూరు తెలుగే ఉంటే మరీ ఇష్టంగా చదువుతాడు. ఆ పుస్తకం హైదరాబాదులో గాని విజయవాడలో గాని ఎవరూ వేయరు. కొన్ని వందల పాఠకుల కోసం వేయకపోవడం వాళ్ల లెక్కలో న్యాయమే. కాబట్టి మనమే వేసుకోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. చిత్రకారుడి ప్రతిఫలం, పేజీల తయారీ కలిపి నలభై వేలు అనుకుందాం. ప్రతికి అచ్చు ఖర్చు యాభై. ధర నూటయాభై. అంటే ప్రతి పుస్తకం మీద మిగిలేది వంద. నాలుగు వందల ప్రతులకు ముందు సొమ్ము వస్తే నష్టం లేదు. సింధనూరు, మాన్వి క్యాంపులలోని రైతు కుటుంబాలను కలుపుకుంటే నాలుగు వందల ఇళ్లు మనకు దొరకవా? యూపీఐ వచ్చాక నూటయాభై పంపడానికి మనియార్డరు ఫారం కూడా నింపనక్కరలేదు. పోస్టు ఖర్చు మాత్రం విడిగా చెప్పాలి. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తివేసిన తర్వాత అది చిన్న ఖర్చు కాదు.

పెద్దలనే తప్పుపట్టి ఊరుకోను. కుర్రవాళ్లకూ నాలుగు మాటలు చెప్పాలి. ఇతరుల సొమ్ము చేతిలో ఉన్నవాడికి కళాకారుణ్ణనే మినహాయింపు లేదు. విడిగా ఖాతా తెరవండి. మొదటి పది పేజీలు పూర్తి చేసి చూపించాకే డబ్బు అడగండి. గడువు చెప్పండి, తప్పితే కారణం రాయండి. టీషర్టులు, బొమ్మలు, అదనపు కథలు అని ఆశలు పెట్టకండి. 2012లో అమెరికా చిత్రకథకుడు రిచ్ బర్లూ పాత పుస్తకాల పునర్ముద్రణకు పాఠకుల నుంచి పన్నెండు లక్షల డాలర్లకు పైగా సేకరించాడు. ఆ పైన చేతికి గాయమై, ఇస్తానన్న అదనపు కథలు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. అంతటివాడికే తప్పలేదు. లాభంలో వాటా ఇస్తామని మాత్రం పొరపాటున కూడా అనకండి. అనియంత్రిత డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో చట్టం వచ్చింది. పుస్తకం ఇస్తామనండి, పుస్తకమే ఇవ్వండి.

నాలుగు వందలు పూర్తి కాకపోతే పుచ్చుకున్న ప్రతి పైసా వాపసు చేయాలి, జమాఖర్చులు ఈ పత్రికలోనే అచ్చు వేయించాలి. అందులో అవమానమేమీ లేదు. అటక మీద తొమ్మిది వందల ప్రతులు పేరుకోవడం కంటే అది మేలు. ఈ షరతులకు ఒప్పుకునే చిత్రకారుడు ఎవరైనా ఉంటే సంపాదకులకు రాయండి. మొదటి నూటయాభై నాది.