రెండవ ద్వారము

కే.సీ. కాలువ క్రింద సేద్యము చేయు మైదుకూరు రైతులకు ఒక్క నోటిని నమ్ముకొనుట యెట్టిదో మేము చెప్పనక్కఱలేదు. 1860 దశకమున మద్రాసు కంపెనీ త్రవ్వించిన యా కాలువ చిరకాలము సుంకేసులనే నమ్ముకొని యుండెను. పిమ్మట శ్రీశైలము నీరు పోతిరెడ్డిపాడునుండి బానకచర్లకు వచ్చి, నిప్పులవాగు మీదుగా అదే యాయకట్టునకు దిగు మార్గ మేర్పడినది. కార్యాలయముల ఇంటర్నెట్టునకును ఈ న్యాయమే వర్తింపవలెనని మా వాదము.

నేడు చౌకబియ్యమునకు వేలిముద్ర, భూముల రిజిస్ట్రేషను, బ్యాంకి లావాదేవి, సర్వమును తీగపైననే నడచుచున్నవి. కచేరిలోని కంప్యూటర్లన్నిటికిని బయటికి పోవుటకు ఒక్క రూటరే సింహద్వారమైనచో, అది చెడిననాడు పని సున్న. పల్లెనుండి వచ్చిన ముదుసలి సాయంకాలము వఱకు వరండాలో కూర్చుండి తిరిగిపోవును. గుమాస్తా "సర్వరు లేదు" అనును. సర్వరు నిక్షేపముగనే యుండవచ్చును, చెడినది గుమ్మము!

దీనికి మందు కలదు. 1998లో ప్రకటితమైన వీ.ఆర్.ఆర్.పీ. యను నియమావళి ప్రకారము రెండు రూటర్లు ఒకే చిరునామాను పంచుకొనును. పెద్దయంకె గలది నాయకత్వము వహించి, సాధారణముగ సెకనుకొకసారి "నేనున్నాను" అని చాటుచుండును. మూడు చాటింపులు వినరాకున్న, నాలుగు సెకన్లలోపుననే రెండవది యా చిరునామాను చేపట్టును. కంప్యూటర్లలో నేమియు మార్చనక్కఱలేదు.

అయితే రెండు పెట్టెలు కొని నిశ్చింతగా నుండువారిని చూచి మాకు భయము. రూటరు బ్రతికియుండి, దాని బయటి తీగ మాత్రమే తెగినచో? అది లోపలివారికి "నేనున్నాను" అనుచునే యుండును. గండిపడిన కాలువపై లస్కరు క్షేమమని కబురంపినట్లు! కావున బయటిదారిని కనిపెట్టుచు, అది తెగినంతనే తన యంకెను తగ్గించుకొనునట్లు దానిని అమర్పవలెను. మొదటిదానికి 110, రెండవదానికి 100 ఇచ్చినచో తగ్గింపు 20 ఉండవలెను. ఐదు తగ్గించిన ఫలము లేదు.

అంతకంటె ముఖ్యము దారి. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా సమీపమున రెండు సముద్రపు కేబుళ్లు ఒకేదినమున తెగి, భారతదేశపు ఇంటర్నెట్టు సామర్థ్యము సుమారు సగము పడిపోయినది. రెండుండియు ఒకే కడలిదారిని పోయిన ఫలమది. మన రాష్ట్రపు ఫైబర్‌నెట్టు తీగలు విద్యుత్ స్తంభములపై సాగుచున్నవి. రెండు తీగలును ఒకే స్తంభముపై నుండినచో ఒక్క గాలివాన చాలును. మైదుకూరు కర్నూలు, కడప, ప్రొద్దుటూరు, బద్వేలు దారులు కలియు కూడలి. ఒక తీగ కడపవైపునను, వేఱొకటి ప్రొద్దుటూరువైపునను పోవుటకు అడ్డమేమి? 2023లో ఆమోదము పొందిన సవరించిన భారత్‌నెట్టు పథకమే వరుసదారిని విడిచి వలయమార్గమును స్వీకరించినది గదా. రెండు రూటర్లకును ఒకే బ్యాటరీ కూడదని వేఱుగ చెప్పవలెనా?

కంట్రాక్టరునకు బిల్లు చెల్లించుటకు ముందు, కచేరివేళలో, జనము వరుసలో నిలిచియుండగనే, మొదటి రూటరు బయటి తీగను ఊడదీయించి చూడవలెను. పని ఆగినచో బిల్లును ఆపవలెను. ప్రతి మూడు మాసములకును ఆ తీగను మరల ఊడదీయవలెను.