పనికి గది చాలు, ఎకరం ఎందుకు?

మొన్న దసరాకు మా మరిది, యారాలు వచ్చినప్పుడు అన్నాల దగ్గర భూమి మాట వచ్చింది. మిరుదొడ్డిలో మాకున్న ఉమ్మడి పొలంలో తమ వాటా ఎకరం అమ్మి, హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటారట. మా ఆయన అన్నం కలపడం ఆపేశారు. అత్తమ్మ ఏమీ అనలేదు. నేనే అడిగాను.

"ఆఫీసుకు వారానికి ఎన్ని రోజులు పోవాలె?"

"మూడు రోజులక్కా" అంది యారాలు.

"ఆ మూడు రోజుల కోసం ఎకరం అమ్ముకోవాల్నా?"

కొంచెం కోపంగానే అన్నాను. కానీ తర్వాత ఆలోచిస్తే, అడగాల్సిన ప్రశ్న అదేననిపించింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే వీళ్లిద్దరూ పాపనెత్తుకుని ఇక్కడికే వచ్చారు. ఏడాదిన్నర ఉన్నారు. మొదట్లో మరిది సిగ్నల్ కోసం డాబా మీద నీళ్లట్యాంకు నీడలో కూర్చునేవాడు. తర్వాత నెట్ కనెక్షన్, ఇన్వర్టర్ పెట్టించారు. పైగది ఆఫీసైంది. పట్నంలో ఉప్పల్ నుంచి మాదాపూర్‌కు పోయి రావడానికే రోజుకు మూడు గంటలు పట్టేదట. ఆ మూడు గంటలు ఇక్కడ చేతికొచ్చాయి. పొద్దున్నే మరిది పొలానికి నీళ్లు పెట్టి వచ్చేవాడు. పాప అత్తమ్మ ఒడిలో కథలు విన్నది.

అంతా బాగుందని చెప్పను. మీటింగ్ అంటే మిక్సీ ఆపాలి. రెండు ఆఫీసులకు చాయ్ నా పొయ్యి మీదే. మరిదిని "పనిలో ఉన్నడు" అన్నవాళ్లే, యారాలిని "ఇంట్లనే ఉన్నది కదా" అన్నారు. ఇంటి నుంచి పనంటే ఆడవాళ్లకు రెండు డ్యూటీలు. ఆ సంగతి ఇంట్లో ముందే తేల్చుకోవాలి.

మనిషిని పని దగ్గరికి తోలడం కాదు, పనినే మనిషి దగ్గరికి పంపాలనే ఆలోచన పాతదే. 1973లో అమెరికాలో జాక్ నిల్స్ అనే ఆయన దీనికి 'టెలీకమ్యూటింగ్' అని పేరు పెట్టాడు. ఇళ్లకు దగ్గర్లో చిన్న చిన్న ఆఫీసులు ఉండాలన్నాడు. మన దగ్గర ఉల్టా జరిగింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఉద్యోగాలన్నీ ఆ చుట్టుపక్కలే చేరాయి. అందరూ ఆ ఒక్క మూలకే పరిగెత్తాలి. ఈమధ్యే కరీంనగర్‌లో 2020లో, సిద్దిపేటలో 2023లో ఐటీ టవర్లు కట్టారు. అదే ఏడాది సిద్దిపేటకు రైలూ వచ్చింది. ఆ మూడు రోజులూ సిద్దిపేటలోనే కూర్చోనిస్తే మా మరిదికి ఫ్లాట్ ఎందుకు?

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రోజూ పోనక్కర్లేకపోతే మనిషి ఎంత దూరమైనా ఉండొచ్చు. మనవాళ్లు ఊళ్లో ఉండడానికి అది పనికొస్తుంది, పట్నంవాళ్లు ఊళ్లో భూమి కొనడానికీ పనికొస్తుంది. రాజీవ్ రహదారి వెంట చూడండి. మక్కచేన్లు ఉన్నచోట కడీలు పాతి, ఫామ్‌హౌస్ ప్లాట్ల బోర్డులు పెట్టారు. కొన్నవాళ్లు ఎప్పుడో ఓ ఆదివారం వస్తారు. భూమి అమ్మినాయనకు పైసలొస్తాయి. అదే భూమిలో నాట్లేసి, పత్తి ఏరి బతికే ఆడవాళ్లకు మాత్రం కూలి పోతుంది. వాళ్లను ఎవరూ అడగరు, వాళ్ల సంతకం ఏ కాగితం మీదా ఉండదు.

అందుకే నా మాట ఇది. ఇంటి నుంచి పని మంచిదే. దానికి ఊళ్లో ఒక గది, కరెంటు, నెట్ ఉంటే చాలు. పంట పండే నేల దానికి బలి కానక్కర్లేదు. నెట్ పల్లెల దాకా రావాలి, సాగుభూమి మాత్రం సాగులోనే ఉండాలి. ఈ రెండూ కలిసి నడవకపోతే, పట్నం రద్దీ తగ్గిందని సంతోషించేలోగా మన పొలాలు ప్లాట్లయిపోతాయి.

ఆస్తి మాటలు రాగానే కంచాలు తీసుకుని వంటింట్లోకి పోవడం మనకు అలవాటు. ఈసారి నేను లేవలేదు. మీరూ లేవకండి.

మరిది ఇంకా ఏదీ తేల్చలేదు. యారాలు మాత్రం పోయేముందు పైగదికెళ్లి, "ఇక్కడింకో ప్లగ్ పాయింట్ పెట్టించరాదా అక్కా" అంది. రేపు ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తున్నాను.