లేచిన ప్రభువు గాయాలు దాచుకోలేదు

"అక్కా, యేసుప్రభువు మూడో రోజునే లేచాడు గదా, మీ గుళ్ళో ఇంకా సిలువ మీదే ఉంచారేంటి?" నందిగామలో ఉండే మా పిన్ని కొడుకు ఈస్టరు దగ్గరపడితే అడిగే మాట ఇది. వాడు వెళ్ళే మందిరంలో సిలువ ఉత్తదే, మీద స్వరూపం ఉండదు. జగ్గయ్యపేటలో మా ఇంటికొచ్చినప్పుడు జపమాల పక్కన గోడకున్న సిలువను, దాని మీద తల వాల్చిన ప్రభువును చూసి నొచ్చుకుంటాడు. వాడి ప్రశ్నలో ఎగతాళి లేదు, ప్రభువు మీద ప్రేమే ఉంది. అందుకే జవాబు కూడా అంత ప్రేమగానే చెప్పాలనుకుంటున్నాను.

జిల్లా పేరు ఎన్టీఆర్ అయినా మేమింకా కృష్ణా జిల్లా మెట్టవాళ్ళమనే చెప్పుకుంటాం. 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్య బాప్తిస్మం పుచ్చుకున్నప్పటినుంచి ఈ ప్రాంతంలో ప్రొటెస్టెంటు విశ్వాసం వేళ్ళూనింది. 1937లో విజయవాడ కతోలిక మేత్రాసనమైంది. ఇప్పుడు ఆర్సీఎం గుడి, సీఎస్ఐ గుడి, పెంతెకొస్తు మందిరం ఒకే ఊళ్ళో కనిపిస్తాయి. మాలాంటి కుటుంబాల్లో అయితే ఒకే పెళ్ళిపందిట్లో.

మా అమ్మ మిరప కోతలకు పోయేది. కోతలు ముమ్మరంగా సాగేది ఈస్టరుకు ముందొచ్చే మా తపస్సుకాలంలోనే. పగలంతా చేలో కాయ కోసి, తర్వాత కల్లంలో తాలు ఏరేది. రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకున్నా చేతుల మంట తగ్గేది కాదు. పొరపాటున కంట్లో వేలు పెట్టుకుందా, ఇక తెల్లవార్లూ జాగారమే. ఆ చేతులతోనే పవిత్ర శుక్రవారం వరుసలో నిలబడి, సిలువ మీది పాదాలను పట్టుకుని ముద్దుపెట్టుకునేది. అమ్మకు చదువు రాదు. తన చేతుల మంట దేవుడికి తెలుసన్న ధైర్యం ఆమెకు ఏ ప్రసంగమూ ఇవ్వలేదు. మేకులు దిగిన ఆ అరచేతులను చూసి తెచ్చుకుంది. ఆమె పోయినప్పుడు చేతిలో చిన్న సిలువ ఉంచి, పునరుత్థానం కోసం ప్రార్థించి సాగనంపాం. ఆ రెంటికీ పొత్తు కుదరదని అక్కడ ఎవరికీ తోచలేదు.

తోచే అవసరమూ లేదు. క్రీస్తు లేవకపోతే మన విశ్వాసమే వ్యర్థమన్న పౌలు, సిలువ వేయబడిన క్రీస్తునే ప్రకటిస్తామన్నదీ కొరింథీయులకు రాసిన ఆ లేఖలోనే. యోహాను సువార్తలో, తలుపులు మూసుకున్న గదిలోకి వచ్చిన ప్రభువు తన చేతులు, ప్రక్క చూపించాడు. తర్వాత తోమాను పిలిచి ఆ గాయాల్ని తాకమన్నాడు. మైలాపూరులో మనవాళ్ళు మొక్కే తోమాయే. చావునే గెలిచినవాడికి ఆ గాయాలు మాన్పుకోవడం ఒక లెక్కా? అయినా మాన్పుకోలేదు. నాకు ఈ మాట చాలు. మా తమ్ముడికి కూడా ముందు చెప్పేది ఇదే.

వాడి ఉత్త సిలువను నేను తక్కువ చేయను. తొలి శతాబ్దాల క్రైస్తవులు సిలువ మీద ప్రభువు బొమ్మ గీయడం చాలా అరుదు. రోమా రాజ్యంలో సిలువ శిక్ష అప్పటికింకా అమల్లో ఉంది. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి దాన్ని ఎత్తేశాడు. రోములోని సాంతా సబీనా గుడి చెక్క తలుపు మీద సిలువపాటు దృశ్యం చెక్కింది ఐదో శతాబ్దంలో. ఈనాడు పూజ జరిగే పీఠం మీదో దగ్గరో స్వరూపం ఉన్న సిలువ ఉండాలన్నది మా నియమం. ఆ పూజలోనే ఆయన మరణాన్నీ పునరుత్థానాన్నీ కలిపి చాటుతాం.

మా కతోలికులకు కూడా ఓ మాట చెప్పాలి. పవిత్ర శుక్రవారం సిలువ మార్గానికి ఎండలో కూడా జనం కిక్కిరిసి నడుస్తారు. శనివారం రాత్రి పాస్కా జాగరణకు వాళ్ళలో చాలామంది కనపడరు. సిలువను కళ్ళకద్దుకుని ఆ రాత్రి ఇంట్లో పడుకుంటే మా తమ్ముడి ప్రశ్నకు మన దగ్గర జవాబు లేనట్టే. ఆ రాత్రి చీకట్లో కొత్త నిప్పు రగిలిస్తారు. ప్రభువు ఐదు గాయాలకు గుర్తుగా పాస్కా వత్తికి ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చుతారు. లేచిన క్రీస్తు వెలుగంటూ ఆ వత్తినే గుడిలోకి తీసుకెళ్తారు. ఈసారి వాణ్ణి మా జాగరణకు రమ్మన్నాను. పూజ మొదలయ్యాక కాదు, కాస్త ముందే, గుడి బయట నిప్పు రగిలించే చోటికే రమ్మన్నాను. గింజలు గుచ్చేది అక్కడే.